ఫ్లోరెసిన్ రంగు, ఎల్లో 560 ఫిల్టర్: మెదడు ట్యూమర్ ఆపరేషన్‌లో ఎంతవరకు నమ్మొచ్చు?

సోడియం ఫ్లోరెసిన్ అంటే కంటి డాక్టర్లు రెటీనా యాంజియోగ్రఫీకి (కంటి వెనక పొరలోని రక్తనాళాల ఫొటోలకు) వాడే ఆంప్యూలే. సిరలోకి ఎక్కిస్తే ట్యూమర్‌లో చేరి, ఆపరేషన్ మైక్రోస్కోప్‌కు ఉండే ఎల్లో 560 ఫిల్టర్‌లో పసుపుపచ్చగా మెరుస్తుంది. విశాఖలో రెటీనా డాక్టర్లున్న ఆసుపత్రుల వాళ్లకు పాత చుట్టం. మెదడు ఆపరేషన్‌లో వాడటం మాత్రం ఆఫ్-లేబుల్ (అధికారికంగా అనుమతించిన వాడకం కాదు), కాబట్టి సమ్మతి పత్రంలో విడిగా రాయించాలి.

మోతాదు కిలోకు 3 నుంచి 5 మి.గ్రా. అరవై కిలోల మనిషికి 5 చొప్పున 300 మి.గ్రా. పొరపాటు జరిగేది ఇక్కడే. ఆంప్యూళ్లు 10 శాతంవీ ఉంటాయి, 20 శాతంవీ ఉంటాయి. మొదటిదైతే 3 మి.లీ., రెండోదైతే 1.5 మి.లీ. లేబుల్ చూడకుండా సిరంజిలోకి లాగితే మోతాదు రెట్టింపే. మందు క్షారగుణం కలది, సిర బయటికి కారితే చెయ్యి మండి వాస్తుంది. ముందు సలైన్‌తో క్యాన్యులా సరిచూడాలి. ఎలర్జీ, ఉబ్బసం ఉన్నాయేమో అడగాలి. అరుదే అయినా ఎనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ) రావచ్చు, అడ్రినలిన్ చేతికందేలా ఉండాలి.

మత్తు ఇవ్వగానే ఎక్కించాలి. డ్యూరా (మెదడును కప్పే గట్టి పొర) తెరిచే సమయానికి రక్తంలో రంగు తగ్గి ట్యూమర్‌లో మిగులుతుంది. ఆలస్యంగా ఇస్తే రక్తనాళాలు, కోసిన అంచులు అన్నీ మెరుస్తాయి, ఏది ఏదో తేలదు.

ఈ ఫిల్టర్‌లో బాగా నచ్చేది, మామూలు మెదడు దాదాపు సహజ రంగులోనే కనబడటం. ట్యూమర్ పసుపుపచ్చగా వెలుగుతుంటే ఫిల్టర్ తియ్యకుండానే పని సాగించవచ్చు. ఇదే పనికి తాగించే మరో మందు 5-ఏఎల్‌ఏ, దానికి వాడే నీలి కాంతిలో థియేటర్ చీకటి, రక్తస్రావం పట్టుకోవడం కష్టం.

అయితే ఫ్లోరెసిన్‌కు క్యాన్సర్ కణం తెలియదు. రక్తానికీ మెదడుకూ మధ్య అడ్డుగోడ ఎక్కడ చెదిరిందో అక్కడికి కారుతుంది, అంతే. అందుకే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే ఎమ్మారైలో వెలగని లో-గ్రేడ్ గ్లయోమాలో (నెమ్మదిగా పెరిగే మెదడు ట్యూమర్‌లో) దాదాపు పనికిరాదు. వాపు ఉన్నచోటా లేత పసుపు అంటుకుంటుంది. అంచులను సలైన్‌తో కడిగి మళ్లీ చూడాలి. మాట, కదలికల కేంద్రాల దగ్గర మెరిసిందంతా తీసెయ్యకూడదు.

కణం లోపలే ఎర్రగా వెలిగేది 5-ఏఎల్‌ఏ. కిలోకు 20 మి.గ్రా., మత్తుకు సుమారు 3 గంటల ముందు నీళ్లలో కలిపి తాగించాలి. గ్లయోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్) అంచుకు అదే మేలు. 2006 నాటి జర్మన్ ట్రయల్‌లో కాంట్రాస్ట్‌తో వెలిగే ట్యూమర్ పూర్తిగా తొలగినవాళ్లు 65 శాతం, మామూలు కాంతిలో 36 శాతం. కానీ ఖర్చెక్కువ, పైగా కనీసం ఒక రోజు వెలుతురు తగలకూడదు. విశాఖ ఎండలో కిటికీ పక్క మంచం అసలు వద్దు.

ఫిల్టర్ ఉన్న మైక్రోస్కోప్ లేకపోతే కిలోకు 20 మి.గ్రా. దాకా పోయాల్సివస్తుంది, అది మేం సిఫారసు చెయ్యం. ఫిల్టర్ ఉండి, ఎమ్మారైలో కాంట్రాస్ట్ బాగా పట్టిన ట్యూమర్ అయితే నిస్సందేహంగా వాడదగ్గది. మూత్రం ఒక రోజు పసుపుపచ్చగా వస్తుందని బంధువులకు ముందే చెప్పాలి, లేదంటే రాత్రి డ్యూటీ నర్సుకు నిద్రుండదు.