ప్రపోజల్ పంపే ముందు వేరే సబ్జెక్టు వాళ్లతో చదివించడం: కొన్నేళ్ల వాడకం తర్వాత

రీసెర్చ్ ప్రాజెక్టు ప్రపోజల్‌ను ఫండింగ్ సంస్థకు పంపే ముందు తోటివాళ్లతో చదివించుకునే పద్ధతి నల్గొండలో మేం కొందరం కొన్నేళ్లుగా పాటిస్తున్నాం. మన సబ్జెక్టు మనిషి ఒకరు, వేరే సబ్జెక్టు మనిషి ఒకరు చదువుతారు. బడ్జెట్ పేజీలు అకౌంట్స్ తెలిసినవాళ్లకు ఇస్తాం. నావి చదివించుకున్నాను, ఇతరులవీ చదివాను. ఈ ముగ్గురిలో ప్రపోజల్‌ను నిజంగా మార్చేది వేరే సబ్జెక్టు మనిషే అని గట్టిగా చెప్పగలను.

నేను పనిచేసేది నీటి రసాయనం మీద. మా జిల్లాలో ఆ మాటకు అర్థం ఫ్లోరైడే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఫర్వాలేదు అన్నది బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. మర్రిగూడ వైపు మనుషుల ఎముకలు ఎలా వంగిపోయాయో చూసినవాళ్లం కాబట్టి సమస్య తీవ్రత గురించే పేజీలు నింపుతాం. సబ్జెక్టు వాళ్లు చదివితే ఎలక్ట్రోడ్ క్యాలిబ్రేషన్ గురించో, వదిలేసిన రిఫరెన్సు గురించో చెబుతారు. అదీ అవసరమే. కానీ నా డ్రాఫ్టు చదివిన ఎకనామిక్స్ మేడమ్ మొదటి పేజీలోనే అడిగారు: "మిషన్ భగీరథ నీళ్లు ఇంటింటికీ వస్తున్నాయి కదా సార్, ఇంకా బోరు నీళ్ల మీద డబ్బు ఎందుకు పెట్టాలి?"

ఢిల్లీలో మన ఫైలు తెరిచే నిపుణుడు అడిగేది కూడా ఇదే. జవాబు మా దగ్గర ఉంది. తాగడానికి నల్లా నీళ్లు వచ్చినా పొలానికి, గొడ్లకు బోరే దిక్కు. ఆ నీళ్లతో పండిన కూరల్లోకి, గొడ్ల ఒంట్లోకి ఎంత ఫ్లోరైడ్ చేరుతోందో కొలవడమే ప్రాజెక్టు. ఆ ప్రశ్నతో ఈ మాట మొదటి పేరాలోకి వచ్చింది, దీనికి సంబంధం లేని లక్ష్యాలు ఎగిరిపోయాయి.

మరోసారి ఒక యువ అధ్యాపకుడు నల్గొండ టెక్నిక్‌ను మెరుగుపరుస్తానని రాశాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి అది, నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. సోషియాలజీ ఆయన చదివి, "ఊళ్లో రోజూ పటిక కొలిచి వేసేది ఎవరు? అడుగున మిగిలిన బురద ఎక్కడ పోస్తారు?" అన్నారు. ల్యాబులో ఎంత బాగా పనిచేసినా ఊళ్లో ఈ పద్ధతికి అడ్డుపడేవి ఇవే. మెథడాలజీలో సగం తిరగరాయాల్సి వచ్చింది, అది మంచిదే అయింది.

బడ్జెట్‌కు వస్తే, జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ (ప్రాజెక్టులో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలనెలా ఇచ్చే మొత్తం) 2023 జనవరి నుంచి 31,000 బదులు 37,000 రూపాయలు అయింది. పాత ఫైలు కాపీ చేసిన వాటిలో ఇప్పటికీ పాత అంకె కనిపిస్తుంది. వానాకాలానికి ముందూ తర్వాతా శాంపిళ్లు తీస్తామని రాసి, ట్రావెల్ ఒక్క సీజనుకే వేసినవీ చూశాను. సైన్సు ప్రాజెక్టులకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థ ఎస్ఈఆర్‌బీ ఇప్పుడు కొత్త జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో కలిసిపోయింది కాబట్టి పాత ఫార్మాటును నమ్మకుండా, తాజా నోటిఫికేషన్‌ను పక్కన పెట్టుకుని చదవమని చెబుతాను.

లోపాలు కూడా ఉన్నాయి. మొహమాటం పెద్ద సమస్య. సీనియర్ ప్రొఫెసర్ డ్రాఫ్టు చేతికొస్తే "బాగుంది సార్" తప్ప ఇంకేం రాదు. అందుకే నేను "బాగుందా?" అని అడగను. "దీనికి డబ్బు ఇవ్వకూడదంటే ఏ కారణం చెబుతారు?" అని అడుగుతాను. ఒక సంస్థలో రివ్యూ కమిటీ ఉన్నా, గడువు రోజు సాయంత్రం సంతకాలు పెట్టడంతోనే దాని పని అయిపోయేది. అప్పుడు తప్పు దొరికినా టెన్షన్ తప్ప చేసేదేం ఉండదు. కనీసం రెండు వారాల ముందు చదివించాలి.

దీనివల్ల గ్రాంటు ఖాయం అని చెప్పను, మంచి ప్రపోజల్స్ కూడా తిరిగొస్తాయి. ఇంకో మాట, ప్రపోజల్‌ను మన సంస్థ సమర్థిస్తోందని సంతకం చేసి ఇచ్చే ఎండార్స్‌మెంట్ లెటర్‌కు ఫైలు రివ్యూ అయ్యాకే పెట్టండి. ప్రశ్నలన్నీ అయ్యేసరికి తరచూ టైటిలే మారుతుంది, లెటర్ మీద పాత టైటిల్ ఉంటే సంతకం కోసం మళ్లీ తిరగాలి.