పాడేరు లాడ్జిలో వైఫై ఉంది, నెట్టే లేదు

అరకు, పాడేరు, వంజంగి తిరిగొచ్చాం, నేనూ మా ఆవిడా మా బావమరిదీ. మేఘాల ఫొటోలు పెట్టేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఏజెన్సీకి వెళ్ళే నాలాంటి లైనక్స్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టం) పిచ్చోళ్ళకి చెప్పే నాథుడే లేడు, పైగా లాడ్జిలో రాని నెట్‌కి ఎక్కువ కట్టిన 300 రూపాయల మంట ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నా.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కి సొరంగాలన్నీ దాటుకుంటూ బొర్రాలో దిగాం, గుహలు, పద్మాపురం తోట, అరకు మ్యూజియం అన్నీ బావున్నాయి. అసలు కథంతా పాడేరు లాడ్జిలో.

నాకు మధ్యలో ఆఫీసు సర్వర్లు చూసే పని ఉంటుంది కాబట్టి ముందే ఫోన్ చేసి మరీ అడిగా, నెట్ వస్తుందా అని. "ఫుల్ స్పీడ్ సార్, మామూలు గది 1,800, వైఫై గది 2,100" అన్నాడు. సరే అన్నా. వెళ్ళి చూస్తే సిగ్నల్ నిండుగా ఉంది, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో నా మెషీన్ నంబరు) వచ్చింది, రౌటర్‌కి పింగ్ కొడితే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, 2 మిల్లీసెకన్లలో జవాబు, దాన్ని దాటి ఒక్క ప్యాకెట్ డేటా కదిలితే ఒట్టు. కౌంటర్లో చెప్తే ఆయన నా స్క్రీన్ వైపు ఓసారి చూసి "మీ దాంట్లో విండోస్ లేదు కద్సార్, అందుకే రాదు" అన్నాడు! మా ఆవిడ తన ఫోన్ చూపించి మరి ఇందులో ఎందుకు రావట్లేదండీ అంటే మాట్లాడడు. (ఆండ్రాయిడ్ లోపలున్న గుండెకాయా లైనక్స్ కెర్నలే అని నేను మొదలెట్టబోతే ఆవిడ గుడ్లురిమింది.) బిల్లు కట్టక కనెక్షన్ ఎప్పుడో తీసేశారని గదులు ఊడ్చే కుర్రాడు చెప్పాడు. ఆ 300 వెనక్కి ఇమ్మంటే "వైఫై అయితే ఉంది కద్సార్" అంటాడు. సాంకేతికంగా కరెక్టే, ఏం చేస్తాం.

వరండా చివర నిలబడితే మొబైల్ సిగ్నల్ ఒక గీత. దానిమీద ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్లోకి వెళ్ళి పనిచేసే ప్రోగ్రామ్) ఊరికే బిగుసుకుపోతుంది, అలాంటిదే మోష్ అయితే కనెక్షన్ పట్టుకుని కూర్చోని యూడీపీ పద్ధతి మీద నడుస్తుంది కాబట్టి సిగ్నల్ పోయి అరగంటకి వచ్చినా సెషన్ అలాగే ఉంటుంది. సర్వర్లో మోష్ వేసి, 60000 నుంచి 61000 దాకా యూడీపీ పోర్టులు (సర్వర్లోకి దారులు) ఇంటి దగ్గరే తెరిచి పెట్టుకోండి, కొండెక్కాక కుదరదు. బావ మేఘాలకి కాదు పనికి వచ్చాడా అని మా బావమరిది గొణుగుడు వేరే.

మర్నాడు బస్టాండ్ వైపు ఒక జిరాక్స్ కొట్లో ఫైబర్ కనెక్షన్ దొరికింది, గంటకి 30 రూపాయలు, కేబుల్ నేరుగా నా లాప్‌టాప్‌కే ఇచ్చాడు. పక్కన ఒక ఇంటర్ అమ్మాయి ఏడుపు మొహంతో నిలబడి ఉంది, పెన్‌డ్రైవ్‌లో సర్టిఫికెట్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి. ఆ వైరస్ అసలు ఫైళ్ళని చెరపదు, దాచిన గుర్తు పెట్టి పైన షార్ట్‌కట్లు పేరుస్తుంది, లైనక్స్ ఆ గుర్తుని పట్టించుకోదు కాబట్టి నా దాంట్లో పెట్టగానే అన్నీ కనిపించాయి. కొట్టబ్బాయి కళ్ళు మెరిశాయి, మూల పడున్న 2 జీబీ ర్యామ్ సిస్టం తీసి "దీంట్లో ఎక్కుతుందా అన్నా" అన్నాడు. నా పెన్‌డ్రైవ్‌లో డెబియన్ అనే లైనక్స్ ఎప్పుడూ ఉంటుంది, మిగతాదంతా నెట్ నుంచి దించుకునే నెట్‌ఇన్‌స్ట్ కాదు, పూర్తి డీవీడీ ఇమేజ్, ఇలాంటి చోట్లకి అదే పట్టుకెళ్ళాలి. డెబియన్ 12 నుంచీ ఫర్మ్‌వేర్ (వైఫై కార్డుల్లాంటివి నడవడానికి కావల్సిన ఫైళ్ళు) కూడా ఇన్‌స్టాలర్లోనే వస్తోంది కాబట్టి వైఫై కార్డు తంటా తగ్గింది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్, తెలుగు ఫాంట్లు వేసిచ్చా. పెళ్ళి కార్డులు చేసే మెషీన్ జోలికి మాత్రం పోలేదు, విండోస్‌లో నడిచే పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకపోతే అతని పొట్ట గడవదు. నెట్‌కి డబ్బులు తీసుకోనన్నాడు, టీ కూడా తాగించాడు.

వంజంగికి తెల్లారి 4కి జీపు, 1,200. మేఘాలు దండిగా ఉన్నాయి, బావమరిది శాంతించాడు. దిగాక బొంగులో చికెన్ 350 పెట్టి తిన్నాం, నూనె చుక్క లేకుండా అంత రుచి ఎలా వస్తుందో, ఇంకోటి చెప్పేలోపు అయిపోయాయన్నాడు.

గదికి 1,000 దాటి ఇవ్వకండి, నెట్ ఉందంటే డబ్బు కట్టేముందే అక్కడే ఒక పేజీ తెరిచి చూపించమనండి. ఆ జిరాక్స్ కొట్టు ఆదివారం మూత.