న అంటే నాగా కాదు, నడక: రెండేళ్లు గోడ క్యాలెండర్ వాడాక

గోడ క్యాలెండర్‌కి కూడా సమీక్షేంటని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. సంక్రాంతి ముందు కిరాణా కొట్టువాళ్లు ఊరికే ఇస్తారు, లేదంటే నలభయ్యో యాభయ్యో పెడితే బజార్లో దొరుకుతుంది. తిథులుంటాయి, పండగలుంటాయి, వెనకాల రాశిఫలాలుంటాయి. అవి ఎవరికి తెలియవు? నేను చెప్పబోయేది అందులో ఒకే ఒక్కదాని గురించి. గడి. తేదీ అంకె కింద మిగిలే ఆ కాస్త చోటు.

2024 జనవరి నుంచి నేను చేద్దామనుకున్నవీ చేసినవీ ఆ గడిలోనే రాసుకుంటున్నాను. ఇప్పుడు గోడకున్నది మూడో క్యాలెండర్.

అంతకుముందు ఎనిమిది నెలలు ఫోన్‌లో ఒక యాప్ వాడాను. పేరెందుకులెండి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి పెట్టించింది. ఏ రోజుకారోజు నడిచానని నొక్కితే మంట బొమ్మ వెలుగుతుంది, పక్కన ఎన్ని రోజులు వరసగా నడిచామో అంకె పడుతుంది. 188 దాకా తెచ్చాను. ఆ డిసెంబర్లో మిచౌంగ్ తుపాను వచ్చింది. తీరం దాటింది బాపట్ల దగ్గరైనా, వానలో సగం మా నెల్లూరు నెత్తినే కుమ్మరించి పోయింది. మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. ఫోన్ చచ్చింది. వాకిట్లో మోకాలి లోతు నీళ్లు, ఇక నడక మాట దేవుడెరుగు. మూడో రోజు ఫోన్ తెరిస్తే మంట ఆరిపోయి ఉంది. అంకె సున్నా. 188 రోజులు అరిగిన చెప్పులు నావి, సున్నా పెట్టేదానికి అదెవరు? ఆ కోపంలో యాప్ తీసేశాను. ఆ కోపం ఇంకా పోలేదు, అందుకని క్యాలెండర్‌ని నేను పొగిడేదాంట్లో కాస్త యాప్ మీద కసి కూడా కలిసుంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

గడికి కోపం రాదు. నిన్న ఖాళీ, ఇవాళ టిక్కు, అంతే. నిన్నటి ఖాళీ ఇవాళ్టి టిక్కుని చెరిపెయ్యదు.

ఇంకోటి, ఆ చోటు ఎంతుంటుందో ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. పైన తిథి, అది ఎన్ని గంటల దాకా ఉంటుందో, దాని కింద నక్షత్రం, ఆ కింద వర్జ్యం, దుర్ముహూర్తం. ఇవన్నీ పోగా కుడి చేతి మూల రూపాయి బిళ్ల పట్టేంత తెలుపు మిగులుతుంది. అందులో "ఆరోగ్యం మీద శ్రద్ధ పెట్టాలి" అని రాయలేం. "న" అని రాయగలం. నడక. మొదట్లో ఇది ఇబ్బందనుకున్నా. నెల తిరిగేసరికి అర్థమైంది, ఒక్క అక్షరంలోకి దిగని కోరిక రేపు పొద్దున చెయ్యగలిగేది కాదు. స్కూటీ నేర్చుకోవాలి అనుకుంటే ఆరేళ్లుగా అనుకుంటూనే ఉన్నా. "స్కూ" అని గడిలో పడ్డాక వీఆర్సీ గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టొస్తే చాలు, ఆ రోజుకి అయిపోయినట్టే.

పెన్ను సంగతి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. గోడ మీద నిలువుగా ఉన్న కాగితం మీద బాల్‌పెన్‌తో రాస్తే నాలుగు రోజులకి మొరాయిస్తుంది. ఇంకు ముల్లులోకి దిగదు. మూడు పెన్నులు పారేసి మేకుకి దారం కట్టి పెన్సిల్ వేలాడదీశాను. నిగనిగలాడే కాగితం మీద పెన్సిల్ జారుతుంది, కాబట్టి దేవుడి బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా మెరిసే రకం తీసుకోవద్దు. మోటు కాగితం తీసుకోండి.

ఇక అసలు గొడవకొస్తాను.

మా ఇంట్లో క్యాలెండర్ మీద మొదటి హక్కు మా అత్తమ్మది. ముప్పై ఏళ్లుగా పాల లెక్క ఆమెదే. పాలాయన రాని రోజున గడిలో "న" అని రాసిపెడుతుంది. నాగా అని. నెలాఖరుకి నాగాలు తీసేసి మిగతా రోజులకి డబ్బులు. మా పాలాయన ఎంత వానొచ్చినా సైకిలేసుకుని వచ్చే మనిషి, నెలకో నాగా కూడా ఉండదు, అందుకే ఆ అక్షరం నా కంట ఎప్పుడూ పడలేదు. ఆ జనవరిలో అత్తమ్మ సంక్రాంతికి కందుకూరులో ఉన్న కూతురింటికి పోయి అక్కడే ఉండిపోయింది. లెక్క మా ఆయన మీద పడింది.

ఫిబ్రవరి ఒకటో తేదీ పొద్దున నేను నడకకి పోయి ఉన్నాను. పాలాయన డబ్బులకొచ్చాడు. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని గోడ దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. 19 "న"లు. 31 లోంచి 19 తీస్తే 12. లీటరు డెబ్బై. 840 రూపాయలు లెక్కగా తీసి చేతిలో పెట్టాడు. రావాల్సింది 2170. పాలాయన ఒకసారి డబ్బులు చూశాడంట, ఒకసారి మా ఆయన్ని చూశాడంట.

నేను సందు మొదట్లోకొచ్చేసరికే కేకలు వినబడుతున్నాయి. గేటు దగ్గర అటు ముగ్గురు, ఇటు ఇద్దరు. పక్కింటామె చీపురు పట్టుకుని కసువు ఊడవడం మానేసి చూస్తోంది.

"పంతొమ్మిది రోజులు పాలు పొయ్యకపోతే మీరు కాఫీ దేంతో తాగినారు అన్నా?" అంటున్నాడు పాలాయన.

"అదంతా నాకు తెలియదయ్యా, గోడ మీద రాసుండాది," అంటున్నాడు మా ఆయన. ముప్పై ఏళ్లు గవర్నమెంటు ఆఫీసులో చేసిన మనిషి, రాసుంటే అది జరిగినట్టే.

"ఆ 'న' నాది," అన్నాను రొప్పుతూ.

"నువ్వెక్కడికి నాగా పెట్టావు?" అన్నాడు మా ఆయన.

అది నాగా కాదు నడక అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. చెప్పాక పాలాయన నవ్వలేదు. 1330 రూపాయలు తెచ్చిచ్చి క్షమించమన్నాక కూడా ముఖం ముడుచుకునే పోయాడు. మర్నాడు పాలు పోస్తూ, తల ఎత్తకుండా, "ఏం మ్మా, ఇవాళ నాగానా, నడకనా?" అన్నాడు. అప్పుడు నవ్వాం ఇద్దరం.

రెండేళ్లయింది, ఇప్పటికీ అడుగుతాడు. తేడా ఏంటంటే నాగా అనేది ఇప్పుడు ఆయన మాటలో నేను నడవని రోజు. గేటు దగ్గర నైటీలో కనిపిస్తే "నాగా పెట్టేశారే" అంటాడు. యాప్ వాళ్లు పొద్దునే ఆరింటికి టింగ్‌మని మోగించేవాళ్లు, నేను నొక్కి పడుకునేదాన్ని. పాలాయన్ని నొక్కి పడుకోలేం కదా. క్యాలెండర్‌తో నాకు కలిగిన లాభాల్లో ఇది ముఖ్యమైనది, కానీ ఇది క్యాలెండర్‌తో పాటు రాదు. మీ పాలాయన ఎట్టాంటివాడో నాకు తెలియదు. ప్యాకెట్ పాలైతే అసలే కుదరదు.

ఆ గొడవ తర్వాత నేను అక్షరం మార్చి పచ్చ స్కెచ్‌తో చుక్క పెట్టడం మొదలుపెట్టాను. దాంతో మూలన తెలుపు మిగిలింది. ఖాళీగా ఎందుకని ఒక్కో రోజు ఒక్కో మాట రాయడం అలవాటైంది. ఆ రోజు బాగున్నది ఏంటో అది. ఇది నేను పెట్టుకున్న లక్ష్యం కాదు. 2024 ఆఖర్లో కొత్త క్యాలెండర్ తగిలించేటప్పుడు పాతది ముందేసుకుని కూర్చుంటే చుక్కలన్నీ ఒకేలా ఉన్నాయి, ఏ చుక్క ఏ పొద్దునో ఒక్కటీ గుర్తులేదు. మాటలు అట్టా కాదు. "మర్నాటి పులుసు" అని ఒక గడి. మామిడికాయ వేసిన చేపల పులుసు వండిన రోజు కాదు, మర్నాడు పొద్దున చట్టిలో అడుక్కి చిక్కబడినది అన్నంలో కలుపుకున్న రోజు. "మైపాడు" అని ఒకటి, అక్కడ ఇసకలో కూర్చుని మొక్కజొన్న కంకి తిన్నది తప్ప ఏం చెయ్యలేదు. "కరెంటు లేదు, మేడ" అని ఒకటి. ఉక్కపోత రోజుల్లో రాత్రి కరెంటు పోతే అందరం మేడెక్కి చాపలేసుకున్నాం, అత్తమ్మ తన చిన్నప్పటి దొంగల కథ చెప్పింది. మామూలుగా అయితే ఆ రాత్రిని తిట్టుకుంటూ మర్చిపోయేదాన్ని.

కొన్ని రోజులు రాయడానికి చోటే ఉండదు. 2024లో జులై 17న తొలి ఏకాదశి, మొహర్రం ఒకే గడిలో వచ్చాయి. 2025లో జులై 6న మళ్లీ అంతే. ఎర్ర అక్షరాలతో గడి నిండిపోయింది. అత్తమ్మకి ఉపవాసం, ఊరంతటికీ స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ. మర్నాడు మేమూ పోయాం. చెరువులో దిగి "ఇల్లు రొట్టె", "పెళ్లి రొట్టె", "ఉద్యోగం రొట్టె" అని పైకి అరిచి పట్టుకోవాలి, కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి తిరిగి రొట్టె ఇవ్వాలి. మా తోడికోడలు ఇల్లు రొట్టె పట్టుకుని మూడేళ్లుగా ఎదురుచూస్తోంది. నా గడి గురించి చెబితే "నీకేం, నీకు ఒక్క రోజు గడువే," అంది. అదీ నిజమే.

ఇంతదాకా చదివితే దీంట్లో వంకల్లేవు అనుకుంటారేమో. ఉన్నాయి.

మార్చి, నవంబర్ లాంటి నెలలు శనివారంతో మొదలైతే ఆఖరి తేదీలకి చోటు చాలదు. మా క్యాలెండర్లో వాటిని తీసుకెళ్లి మొదటి వరసలో ఖాళీ గడుల్లో కూర్చోబెడతారు. 2025 ఉగాది మార్చి 30న ఆదివారం వచ్చింది. ఆ గడి ఎక్కడుంది? ఒకటో తేదీ కంటే పైన, మొట్టమొదట. కొత్త ఏడాది నుంచి స్కూటీ రోజూ తియ్యాలని పెట్టుకున్న ముహూర్తం అది. కింద వెతికి, లేదు కాబట్టి అయిపోయిందనుకుని ఏప్రిల్ తిప్పేశాను. (పచ్చడి మాత్రం మర్చిపోలేదు.)

ముహూర్తం అంటే గుర్తొచ్చింది. లక్ష్యాలు రాసుకునే పుస్తకంలో వర్జ్యం అచ్చయి ఉండదు, ఇందులో ఉంటుంది. నల్ల సున్నా కనబడితే చాలు అత్తమ్మ "అమావాస్య పూట బండి ముట్టుకోబాక" అంటుంది. పక్కింటివాళ్లు తడ వైపు వాళ్లు, తమిళం మాట్లాడేవాళ్లు. వాళ్లకి అమావాస్య మంచి రోజు. ఆ రోజే వాళ్లబ్బాయి కొత్త బండి తెచ్చుకున్నాడు. ఏడాదికి పన్నెండు రోజులు నా స్కూటీ గోడకి ఇవతల ఉండబట్టి కదల్లేదు.

ఇక గడిలో పట్టనివి నిజంగానే పట్టవు. పోస్టాఫీసు ఆర్డీ నెలకొకసారి కట్టేది, దానికి రోజువారీ చుక్కేముంటుంది? ఒక నెల మర్చిపోయి వెయ్యికి పది రూపాయల ఫైను కట్టాను. పది రూపాయలే, కానీ యాప్ అయితే గుర్తు చేసేది, ఒప్పుకోవాలి. రోజూ నడిచినా బరువు తగ్గింది రెండు కిలోలే. గడిలో చుక్కకి ఆ సంగతి తెలియదు, మర్నాటి పులుసుకి తెలుసు.

పైన పాతవన్నీ భద్రంగా ఉంటాయన్నట్టు రాశాను కదా, పూర్తిగా నిజం కాదు. 2024 ఏప్రిల్, మే, జూన్ నా దగ్గర లేవు. నెల అయిపోయిన కాగితం అత్తమ్మకి చిత్తు కాగితం. గారెలు వేయించి నూనె పీల్చడానికి పళ్లెంలో పరిచింది. మూడో గారె తీసేసరికి కింద నా పచ్చ చుక్కలు నూనెలో తేలుతున్నాయి. అందులో ఏం మాటలు రాశానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఇప్పుడు నెల మారగానే వెనక్కి మడిచి క్లిప్పు పెడుతున్నా.

కాబట్టి కొనమంటానా అంటే, నా సంగతి వేరు. నాకు 52 ఏళ్లు, రోజంతా ఇంట్లోనే ఉంటాను, ఫ్రిజ్ పక్కన గోడ ఖాళీగా ఉంది, నీళ్ల సీసా తీసుకున్నప్పుడల్లా గడి కనబడుతుంది. కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు చేసే మా తమ్ముడు కూడా మొదలుపెట్టాడు, రెండు వారాల్లో వదిలేశాడు. వాడి రోజు రాత్రి పదికి మొదలవుతుంది, దాన్ని ఏ తేదీ గడిలో వేసుకోవాలో వాడికే తెలియదు. హాస్టళ్లలో ఉండే పిల్లలకి మేకు కొట్టనివ్వరు. చత్వారం ఉన్నవాళ్లు పెద్ద సైజు చూసుకోండి, చిన్నదాంట్లో గడి గోరంత కూడా రాదు. ఫ్యాను గాలి తగిలేచోట తగిలిస్తే కింది రేకు ఊగి ఊగి గోడకి అర్ధచంద్రంలా గీత పడుతుంది, అద్దె ఇల్లయితే ఆలోచించుకోండి.

ఈ జనవరి నుంచి మా గడిలో ఇంకో అక్షరం కనబడుతోంది. "మ". పెన్సిల్‌తో, వణికిన చేత్తో, వారానికి నాలుగైదు. అత్తమ్మది. మాత్రలా, మోకాళ్ల నూనెనా, మేడెక్కడమా, అడిగితే "నీకెందుకే" అంటుంది. నెలాఖరుకి మా ఆయన కళ్లజోడు పెట్టుకునేలోపు కనుక్కోవాలి.