ఉమ్మడి కవితా సంకలనం: సొంతంగా వేసుకోవాలా, పబ్లిషర్‌కి ఇవ్వాలా?

ఈ మధ్య కవిమిత్రులు ఎవరు ఫోన్ చేసినా ఒకటే అడుగుతున్నారు. "ఏడెనిమిది మందిమి కలిసి రాసుకున్నాం. కొన్ని కవితలైతే ఇద్దరు ముగ్గురు కలిసి అల్లినవి. చూడ్డానికి మామూలు కవితల్లా ఉండవు. సొంతంగా వేసుకుంటే మేలా, ఎవరైనా చిన్న పబ్లిషర్ చేతిలో పెడితే మేలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఒక కవి తన కవితలన్నీ కలిపి తెచ్చుకునే సంపుటి సంగతి వేరు. నేను మాట్లాడుతున్నది నలుగురి చేతులు పడిన ప్రయోగ కవిత్వం గురించే.

ముందు డబ్బు. పబ్లిషర్‌కి ఇస్తే మన చేతి ఖర్చు ఉండదని చాలామంది అనుకుంటారు. కవిత్వం విషయంలో అది అన్నిసార్లూ నిజం కాదు. అచ్చు ఖర్చులో సగమో, మొత్తమో కవుల్నే పెట్టుకోమనేవాళ్ళున్నారు. ఇన్ని కాపీలు మీరే కొనుక్కోవాలని షరతు పెట్టేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. కవిత్వం ఎంత నెమ్మదిగా కదులుతుందో వాళ్ళకి తెలుసు. ఇక సొంతంగా అంటే, డెమ్మీ సైజులో (మామూలు కవితా పుస్తకాల సైజు) 128 పేజీల పుస్తకానికి 16 పేజీల చొప్పున 8 ఫారాలు, అంటే అచ్చు వేసే పెద్ద కాగితాల విడతలు. ఆఫ్‌సెట్‌లో, అంటే పేజీలని ముందుగా లోహపు ప్లేట్ల మీదికి ఎక్కించి అచ్చువేసే పద్ధతిలో, ఆ ప్లేట్ల ఖర్చు 300 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే. అందుకే కాపీలు తక్కువైతే డిజిటల్ ప్రింట్ నయం, 500 దాకా వెళ్తే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. ఎనిమిది మంది పంచుకుంటే ఎవరికీ మరీ భారం కాదు. కాబట్టి డబ్బు దగ్గర రెండు దారులకీ పెద్ద తేడా లేదనే నా ఉద్దేశం.

అమ్మకం దగ్గర మాత్రం పబ్లిషర్‌దే పైచేయి, అందులో సందేహం లేదు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం వస్తాయి. అక్కడ స్టాల్ ఉన్నవాడి పుస్తకం పాఠకుడి కంట పడుతుంది. ఛాయా, ఆన్వీక్షికి లాంటి ప్రచురణ సంస్థల స్టాళ్ళ ముందు కుర్రవాళ్ళు నిలబడి పేజీలు తిప్పుతుంటే కడుపు నిండిపోతుంది. సొంతంగా వేసుకున్న గుంపుకి ఆ వసతి లేదు. ఆవిష్కరణ రోజున ఓ యాభై పోతాయి, తలా ముప్పై పట్టుకెళ్తారు, మిగతావి ఎవరో ఒకరి అటక ఎక్కుతాయి. షాపులో పెడదామంటే కమీషన్ నూటికి నలభై దాకా ఇచ్చుకోవాలి. పోస్టులో పంపడం మాత్రం మళ్ళీ కాస్త తేలికైంది. పుస్తకాలు చవగ్గా పంపుకునే పాత బుక్ పోస్ట్ సౌకర్యం పోయి అందరం అవస్థ పడ్డాక, 2025 మేలో తపాలా శాఖ దాని బదులు జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల లోపు పొట్లానికి 20 రూపాయలు, పైన పన్ను. మన కవితా సంకలనాలు చాలావరకు ఆ బరువులోనే సరిపోతాయి.

ఇవన్నీ చూశాక కూడా నన్నడిగితే తేల్చాల్సింది పేజీ దగ్గర. పేజీ మీద ఆఖరి మాట ఎవరిదో చూసుకోండి, మిగతావి దాని తర్వాతే.

ఎందుకో చెప్తాను. ఇద్దరు కలిసి రాసిన కవిత ఒకటి ఊహించుకోండి. ఒకరి పాదాలు ఎడమ అంచు నుంచి మొదలవుతాయి, ఇంకొకరివి కుడి అంచుకి ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఖాళీ. ఎక్కడో ఒకే ఒక్క పాదంలో ఇద్దరూ కలుసుకుంటారు. ఆ ఖాళీ కూడా కవితలో భాగమే, వాళ్ళిద్దరూ దాని కోసం వాదించుకుని ఉంటారు. దీన్ని యూనికోడ్‌లో, అంటే ఫోన్లోనూ నెట్‌లోనూ మనం వాడే తెలుగులో, టైప్ చేసి పంపుతారు. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలాచోట్ల యూనికోడ్ కాని పాత పద్ధతి 'అను' ఫాంట్లే. యూనికోడ్ పాఠాన్ని కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. ఆ మార్పిడిలో ట్యాబులు, వరస స్పేసులు చెదిరిపోతాయి. 'ఫేస్‌బుక్' కాస్తా 'ఫేస్బుక్' అయిపోయి స కింద బ ఒత్తు వచ్చి కూర్చుంటుంది. పైగా ఆపరేటర్ మంచి మనసుతోనే "వంకరగా ఉన్నాయండీ, సర్దేశాను" అని పాదాలన్నీ ఎడమవైపుకి లాగేస్తాడు. అతని తప్పేం లేదు. అలా ఉండాలని అతని పక్కన కూర్చుని చెప్పినవాళ్ళు లేరు.

పాదం పొడవు ఇంకో చిక్కు. డెమ్మీ పేజీ ఐదున్నర అంగుళాల వెడల్పు, మార్జిన్లు పోగా నాలుగో నాలుగుంపావో మిగులుతుంది. తెలుగు మాటలు పొడుగు. పాదం పట్టక చివరి మాట కిందికి జారితే, అది కొత్త పాదమో పాత పాదం తోకో పాఠకుడికి తెలియదు. అక్షరం సైజు తగ్గించాలా, జారిన మాటని లోపలికి జరపాలా, ఆ ఒక్క కవితని అడ్డంగా తిప్పి వేయాలా? ఇది రాసినవాళ్ళే తేల్చాలి. అదీ ఇద్దరు రాస్తే ఇద్దరూ కలిసి.

నేను చూసిన ఒక సంకలనంలో రెండు గొంతుల కవిత ఎదురెదురు పేజీల్లో ఉండాలి. ఎడమ పేజీలో ఒక గొంతు, కుడి పేజీలో ఇంకొకటి, పాఠకుడు అటూ ఇటూ చూస్తూ చదవాలి. అంటే అది సరిసంఖ్య పేజీలో మొదలవ్వాలి. ముందుమాట ఆలస్యంగా వచ్చింది, అనుకున్నదానికంటే ఒక పేజీ ఎక్కువైంది. దాంతో పుస్తకం మొత్తం ఒక పేజీ జరిగింది. ఎదురెదురుగా నిలబడాల్సిన రెండు గొంతులూ ఒకే కాగితానికి ముందూ వెనకా అయిపోయాయి. ప్రూఫు పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో వచ్చింది, అందరూ ఫోన్లో ఒక్కో పేజీ చూసి ఓకే అన్నారు. ఫోన్లో ఎదుటి పేజీ కనిపించదు కదా! అచ్చయ్యాక చేసేదేమీ లేకపోయింది. ఆ పబ్లిషర్ బాధ్యత లేనివాడు కాదు, కానీ ఒకేసారి నాలుగైదు పుస్తకాలు చూసుకునేవాళ్ళకి ఇంత చిన్న సంగతి మీద కన్నేసి ఉంచడం కష్టం. సొంతంగా వేసుకునే గుంపులో ఒకరు డీటీపీ దగ్గర కూర్చుంటారు. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, మడిచి, పుస్తకంలా తిప్పి చూస్తారు. ఈ రకం పుస్తకానికి దీన్ని మించిన అవసరం నాకు కనిపించదు.

గుంపు తన మాట మీద తాను నిలబడితే ఏమవుతుందో మనకి అరవైల్లో తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవులు చూపించారు. ఆరుగురూ కలిసి 1965, 1966, 1968లలో మూడు సంపుటాలు తెచ్చారు. వారాలకీ ఋతువులకీ సొంత పేర్లు పెట్టుకున్నారు. మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఇంకొకరి అనుమతి కోసం చూసి ఉంటే వీటిలో ఎన్ని మిగిలేవో!

అయితే గుంపులకి ఒక బలహీనత ఉంది. మొహమాటం. పక్కవాడి కవిత బాగాలేదని ఎవరూ అనరు. పాతిక కవితలతో చిక్కగా రావాల్సిన పుస్తకం అరవైతో పలచబడుతుంది. పబ్లిషర్ దగ్గర మంచి సంపాదకుడుంటే "ఇది వద్దు" అనగలడు, ఆ మాటకి విలువ కట్టలేం. సంకలనాన్ని ఒక్కరి చూపు నిలబెడుతుందనడానికి 1934 నాటి గోల్కొండ కవుల సంచికే సాక్ష్యం. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల్ని ఒక్క పుస్తకంలోకి తెచ్చారు. అందుకే సొంతంగా వేసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డీటీపీకి వెళ్ళేముందు గుంపులో లేని ఒకరిని పిలిచి, తీసేసే అధికారం ఇవ్వండి. ఇచ్చాక బతిమాలొద్దు.

హక్కుల సంగతి ఎవరూ అడగరు కానీ, కలిసి రాసిన కవితలకి ఇది ముఖ్యం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఎవరి వాటా ఎంతో విడదీయలేని రచనకి అందరూ ఉమ్మడి రచయితలు. రేపు ఎవరైనా ఆ కవితని మళ్ళీ అచ్చువేస్తామంటే ఒక్కరు సరే అంటే చాలదు. హక్కులు రాసివ్వడం కాగితం మీదే జరగాలి, గడువు రాయకపోతే ఐదేళ్ళుగా లెక్క. పబ్లిషర్‌కి ఇచ్చినా, సొంతంగా వేసుకున్నా, అందరి సంతకాలతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవడం తేలిక.

ఆర్డరు వచ్చినప్పుడే కాపీ అచ్చువేసే ప్రింట్ ఆన్ డిమాండ్ అటక బాధ తప్పిస్తుంది, కానీ కాగితం, సైజు, బైండింగు వాళ్ళిచ్చిన నాలుగైదు రకాల్లోంచే ఎంచుకోవాలి. ఈ-బుక్ గురించి ఎక్కువ చెప్పను. 2016లో అమెజాన్ వాళ్ళ ఈ-బుక్ వేదిక కిండిల్ ఐదు భారతీయ భాషలకి తలుపు తీసినప్పుడు అందులో తెలుగు లేదు. అదలా ఉంచినా, చదివేవాళ్ళు అక్షరం సైజు మార్చగానే పాదాలన్నీ మారిపోయే చోట ప్రయోగ కవిత్వం నిలవదు. పేజీలు కదలని పీడీఎఫ్ అయితే ఫర్వాలేదు, దూరదేశాల్లో ఉన్నవాళ్ళకి పంపడానికి పనికొస్తుంది.

కాబట్టి మీ పుస్తకంలో పేజీయే కవిత అయితే సొంతంగా వేసుకోండి, అమ్మకానికి ఏదైనా చిన్న పబ్లిషర్‌తో మాట్లాడి వాళ్ళ స్టాల్లో కమీషన్ మీద పెట్టించండి. చాలామంది ఒప్పుకుంటారు. కవితలు ఎడమ అంచు నుంచి మామూలుగా నడిచేవే అయితే, సంపాదకుడున్న పబ్లిషర్ దొరికితే ఇచ్చేయండి. సొంతంగా వేసేవాళ్ళు ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవడం మరిచిపోవద్దు, మన దేశంలో అది ఉచితం. గ్రంథాలయాలకి పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ మిగతా నిర్ణీత గ్రంథాలయాలకీ కాపీలు పంపాలి. ఏ దారిలో వెళ్ళినా, పని అయిన రోజునే డీటీపీ నుంచి లేఅవుట్ ఫైలు, వాడిన ఫాంట్లు, అచ్చుకెళ్ళిన పీడీఎఫ్ మూడూ తెచ్చుకుని గుంపులో కనీసం ఇద్దరి దగ్గర దాచండి. రెండో ముద్రణ అనుకునేసరికి ఆ డీటీపీ సెంటరే ఉండకపోవచ్చు.