చిన్న సెన్సర్ కెమెరాతో కొన్నేళ్లు: ఒలింపస్ ఇ-ఎం10 మార్క్ 2 చిత్ర నాణ్యత

చిన్న సెన్సర్ (వెలుతురును పట్టి ఫోటోగా మార్చే ఫలకం) ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకోగల కెమెరా) కొనదలచినవారు అందరికంటే ముందు అడిగే ప్రశ్న, చీకటిలో ఫోటోలు ఎలా వస్తాయన్నది. ఒలింపస్ ఓఎం-డి ఇ-ఎం10 మార్క్ 2ను కొన్నేళ్లుగా గుళ్లకూ పెళ్లిళ్లకూ చెరువుగట్లకూ తిప్పిన తరువాత, దానికంటే ముందు అడగవలసింది మరొకటి ఉందని నాకు తేలింది: తీయబోయే వస్తువు కదులుతుందా, కదలదా? చీకటి ఒక్కటే ఉంటే ఈ కెమెరా నెగ్గుకొస్తుంది, కదలిక ఒక్కటే ఉన్నా నెగ్గుకొస్తుంది. రెండూ ఒకేసారి ఎదురైనప్పుడే దాని సెన్సర్ చిన్నదన్న సంగతి ఫోటోలో బయటపడుతుంది.

2015లో విడుదలైన ఈ కెమెరా మైక్రో ఫోర్ థర్డ్స్ కుటుంబానికి చెందినది. ఒలింపస్, పానసోనిక్ సంస్థలు కలిసి 2008లో ప్రకటించిన ఈ ప్రమాణంలో సెన్సర్ వెడల్పు 17.3 మి.మీ., ఎత్తు 13 మి.మీ. పాత 35 మి.మీ. ఫిల్ము చట్రమంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ. కనుక, వైశాల్యంలో ఇది దానిలో ఇంచుమించు నాలుగో వంతు. ఒకే అపర్చరు (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకె; అది పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది), ఒకే షట్టర్ వేగం (వెలుతురు పడే సమయం) పెట్టి ఒకే దృశ్యాన్ని రెండింటితోనూ తీసినప్పుడు చిన్న సెన్సర్ మీద పడే మొత్తం వెలుతురు కూడా నాలుగో వంతే. ఫోటోగ్రాఫర్ల లెక్కలో అది రెండు స్టాపుల తేడా; ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు కావడం లేదా సగమవడం. నాయిస్ అని మనం విసుక్కునే గరుకుదనంలో అధిక భాగం కెమెరా తయారీ లోపం నుంచి పుట్టేది కాదు. వెలుతురు కణాలుగా వచ్చి పడడంలో సహజంగా ఉండే హెచ్చుతగ్గుల నుంచి పుట్టేది. వెలుతురు నాలుగో వంతుకు తగ్గితే, దానితో పోల్చి చూసిన నాయిస్ రెట్టింపవుతుంది. అందువల్ల ఇందులో ఐఎస్ఓ (వెలుతురు తక్కువైనప్పుడు పెంచుకునే అంకె) 800 వద్ద తీసిన ఫోటో, అదే తరానికి చెందిన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఐఎస్ఓ 3200 వద్ద తీసిన ఫోటోకు దగ్గరగా ఉంటుంది. ఈ కెమెరాలను ఇష్టపడేవారు ఈ లెక్కను దాచవలసిన పని లేదు, ఇష్టపడనివారు దీనిని పెంచి చెప్పవలసిన పనీ లేదు.

వాడుకలో నాకు కనిపించిన హద్దులు ఇవి. ఐఎస్ఓ 200 నుండి 800 వరకు 16 మెగాపిక్సెళ్ల ఫైలు శుభ్రంగా ఉంటుంది. తెర మీద నూరు శాతానికి పెంచి చూస్తే నీలాకాశంలో కొద్దిపాటి గరుకు ఐఎస్ఓ 200 వద్ద కూడా కనిపిస్తుంది గానీ, ముద్రణలో అది కనబడదు. 1600కు వచ్చేసరికి నీడలలో బొంబాయి రవ్వ చల్లినట్టుంటుంది, అయినా రంగు చెదరదు. 3200 నేను ధైర్యంగా వాడే చివరి అంకె. 6400 వద్ద జుట్టు, పట్టు నేత, కనుబొమలు వంటి సన్నని వివరాలు ముద్దకట్టడం మొదలవుతుంది. ఆ పైన 25600 దాకా ఉన్న అంకెలు మెనూలో ఉన్నాయి కనుక ఉన్నాయి, అంతే. ఐఎస్ఓ 100కు సమానమని చెప్పే 'లో' అమరిక నాయిస్‌ను కాస్త తగ్గించే మాట నిజమే కాని, సెన్సర్‌కు ఒక స్టాపు ఎక్కువ వెలుతురు ఇచ్చి తరువాత ఫోటోను తగ్గించే పద్ధతి కావడం వల్ల మబ్బులు, తెల్లచొక్కాలు త్వరగా వెలిసిపోతాయి. ఎండలో దాని జోలికి పోకుండా ఉండడమే మేలు.

కదలని వస్తువు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. లేపాక్షి వీరభద్రాలయ మండపాల పైకప్పు మీద ఉన్న విజయనగర కాలపు వర్ణచిత్రాలను మించిన పరీక్ష దీనికి నాకు దొరకలేదు. 16వ శతాబ్దపు ఆ చిత్రాలలో ఎర్రమట్టి, పసుపు, నలుపు, తెలుపు వన్నెలు, నల్లని సన్నని హద్దురేఖలు ఉంటాయి. బయటి ఎండ స్తంభాల మధ్య నుంచి నేల మీద పడి తిరిగి పైకి చేరినంత వెలుతురే వాటికి దక్కుతుంది. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, అంత పాత రంగుల మీద ఫ్లాష్ వేయడం ఎలాగూ తగదు. ఇటువంటి చోట కెమెరా లోపలే ఉన్న అయిదు అక్షాల స్థిరీకరణ అక్కరకు వస్తుంది. సెన్సర్‌నే కదిల్చి చేతి వణుకును సరిదిద్దే ఈ ఏర్పాటు నాలుగు స్టాపుల మేలు చేస్తుందని తయారీదారు లెక్క. నా చేతికి మూడు స్టాపులు ఖాయంగా అందుతున్నాయి. వెనుక తెరను పైకి మడిచి, కెమెరాను నడుము దగ్గర పట్టుకొని, 25 మి.మీ. ఎఫ్/1.8 లెన్సును ఎఫ్/2.8 వద్ద ఉంచి, సెకనులో ఎనిమిదో వంతు వేగంతో రెండు మూడు ఫోటోలు వరుసగా తీస్తే వాటిలో ఒకటి తప్పకుండా పదునుగా వస్తుంది. స్థిరీకరణ లేకపోతే కనీసం యాభయ్యో వంతు వేగం కావాలి, అంటే ఐఎస్ఓ 200 బదులు 1250 దాకా పెంచాలి. రెండు స్టాపుల అప్పు ఇక్కడ వడ్డీతో సహా తీరిపోతుంది. హద్దురేఖల మధ్య పెచ్చులూడిన చోట కింది సున్నపు పూత గరుకు కూడా ఫైలులో విడిగా తెలుస్తుంది. సెన్సర్ స్థిరీకరణ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి కనుక ఇది ఈ కెమెరాకే దక్కిన వరమని చెప్పను. కానీ బ్యాటరీతో కలిపి నాలుగు వందల గ్రాములకు మించని కెమెరాలో, 137 గ్రాముల లెన్సుతో ఈ పని జరుగుతోంది, మెడ మీద పెద్దగా బరువు తెలియకుండా.

పాలంపేటలోని రామప్ప గుడి మరో రకం పరీక్ష. 1213 నాటి ఈ ఆలయంలో గోడలు ఎర్రని ఇసుకరాయి, చూరు కింద నిలిచిన మదనికలు (స్త్రీ శిల్పాలు) నునుపు తేలిన నల్లరాయి. మధ్యాహ్నం వేళ కింద నిలబడి పైకి చూస్తే వెనుక తెల్లని ఆకాశం, ముందు నీడలో నల్లని శిల్పం. ఆకాశం వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ (సెన్సర్‌కు చేరే వెలుతురు) తగ్గించి, ఆ తరువాత రా ఫైలులో (సెన్సర్ పట్టిన సమాచారాన్ని మార్చకుండా ఉంచే ఫైలు) నీడలను పైకి తీస్తే రెండు స్టాపుల వరకు శిల్పం నునుపు నిలుస్తుంది. మూడుకు చేరితే నల్లరాతి మీద ఊదా, ఆకుపచ్చ మరకలు తేలుతాయి. నల్లరాయి స్వభావమే దాని మెరుపు కావడం వల్ల, ఆ మెరుపు మీద నాయిస్ పడితే రాయి ఇసుకరాయిలా కనబడుతుంది, అది కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు. ఇటువంటి దృశ్యాలకు మూడు వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి కలపడం నా అలవాటు; మదనికలు కదలవు కనుక అదీ సాధ్యమే.

ఇక కదిలే మనుషులు, తక్కువ వెలుతురు. రాత్రి ముహూర్తంలో తలంబ్రాల ఘట్టం తీసుకుందాం. గాలిలో ఎగిరే బియ్యపు గింజలు గీతలుగా సాగిపోకుండా నిలబడాలంటే సెకనులో 250వ వంతు వేగమైనా కావాలి, అక్కడ స్థిరీకరణ చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే వణుకుతున్నది మన చేయి కాదు. కెమెరాతో పాటు కిట్‌లో వచ్చే 14-42 మి.మీ. లెన్సు జూమ్ చివర ఎఫ్/5.6 వద్ద ఉంటుంది, 45 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు దానికంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది. అంటే ఒకే వెలుతురులో మొదటిదానికి ఐఎస్ఓ 16000 కావలసిన చోట రెండోదానికి 1600 చాలు. చిన్న సెన్సర్ కెమెరా రాత్రిపూట పనికిరాదని తీర్పు చెప్పేవారిలో ఎక్కువమంది కిట్ లెన్సుతోనే ఆ తీర్పు చెబుతున్నారని నా అనుమానం. 116 గ్రాముల ఆ 45 మి.మీ. లెన్సు లేకపోతే ఈ కెమెరా గురించి ఇంత రాయడానికి నాకు విషయమే ఉండేది కాదు. అయినా సరే, అదే మండపంలో ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు తగిలించిన వృత్తి ఫోటోగ్రాఫర్ ఫైలులో పెళ్లికూతురి కంచిపట్టు చీర నేత పోగు పోగుగా కనిపించే చోట, నా ఫైలులో మెరూన్ రంగు ఒక్కటే కనిపిస్తుంది. ఇది నిజమైన తేడా, తెర మీద కూడా తెలిసే తేడా.

కెమెరాయే తయారుచేసి ఇచ్చే జెపెగ్ ఫోటోలనే వాడేవారు రెండు మూడు అమరికలు మార్చుకుంటే ఈ తేడా కొంత తగ్గుతుంది. నాయిస్ ఫిల్టర్ 'స్టాండర్డ్' వద్ద ఉంటే కెమెరా నాయిస్‌తో పాటు నేతనూ తుడిచేస్తుంది. 'లో' వద్ద పెడితే గరుకు మిగులుతుంది కానీ వివరం బతుకుతుంది. 'గ్రేడేషన్' ఆటోలో ఉంటే నీడలను తనంతట తానే ఎత్తి నాయిస్ పెంచుతుంది, దానిని నార్మల్‌లో ఉంచాలి. దీపాల రంగును బట్టి ఛాయను సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో 'కీప్ వార్మ్ కలర్' అన్నదాన్ని ఆపేస్తే పసుపు దీపాల కింద ముఖాలు కామెర్లు వచ్చినట్టు కనబడవు. చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టర్ పెళ్లిలో మర్యాదగా ఉంటుందనిపిస్తుంది గానీ, ఎల్ఈడీ దీపాల కింద ఫోటో మీద అడ్డపట్టీలు పడతాయి. షట్టర్‌లోని మొదటి తెరను మాత్రమే ఎలక్ట్రానిక్‌గా తెరిచే 'యాంటీ షాక్ 0' అమరిక పెట్టుకుంటే తేలికైన కెమెరాలలో షట్టర్ అదురు వల్ల కలిగే మసక కూడా తప్పుతుంది.

వెనుక దృశ్యం మసకబారడం గురించి చాలా వాదనలు విన్నాను. ఈ సెన్సర్ మీద 45 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు ఇచ్చే దృశ్యం, మసక రెండూ ఫుల్‌ఫ్రేమ్‌లో 90 మి.మీ. లెన్సును ఎఫ్/3.6 వద్ద వాడినట్టుంటాయి. ముఖాల ఫోటోలకు నాకది చాలు, కరిగిపోయిన వెనుకభాగం కావాలనేవారికి చాలదు. అయితే ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది, దానిని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. అక్షతలు వేశాక వేదిక మీద బంధువులు రెండు వరుసలలో నిలబడ్డారనుకోండి. అందరి ముఖాలూ పదునుగా ఉండాలంటే నేను ఎఫ్/4 పెడితే సరిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్‌లో అంతే లోతు కావాలంటే ఎఫ్/8 పెట్టాలి, అదే షట్టర్ వేగం ఉంచాలంటే ఐఎస్ఓ నాలుగు రెట్లు పెంచాలి. అక్కడితో పెద్ద సెన్సర్ రెండు స్టాపుల మేలు మొత్తం ఖర్చయిపోతుంది, రెండు ఫోటోల నాయిస్ దాదాపు ఒకటే అవుతుంది. లోతు ఎక్కువ కావలసిన పువ్వులు, పురుగులు, గుంపు ఫోటోలు అన్నింటికీ ఇదే వర్తిస్తుంది. దీనికి తోడు అపర్చరు మరీ మూయకూడదన్న నియమం ఉంది: ఈ సెన్సర్ పిక్సెల్ వెడల్పు సుమారు 3.75 మైక్రాన్లు, ఎఫ్/8 వద్దే వెలుతురు చుక్క వివర్తనం (చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదరడం) వల్ల పది మైక్రాన్లకు మించి పరుచుకుంటుంది. ఎఫ్/11 దాటితే పదును తగ్గడం స్పష్టంగా కనబడుతుంది.

ఈ కుటుంబపు చిన్న లెన్సులు చాలావరకు వంపు దోషాన్ని గాజుతో కాక సాఫ్ట్‌వేర్‌తో సరిచేసుకునేలా రూపొందినవి. సవరణ సమాచారం రా ఫైలులోనే ఉంటుంది కనుక మనకు గీతలు తిన్నగానే కనిపిస్తాయి, అయితే కిట్ లెన్సును 14 మి.మీ. వద్ద వాడినప్పుడు మూలలు సాగి కాస్త మెత్తబడతాయి. గోపురం అంచులు మూలకు చేరకుండా చట్రం కట్టుకుంటే సరి.

నేలపట్టు చెరువులో గూడు కట్టే గూడబాతుల కోసం 75-300 మి.మీ. లెన్సు కూడా వాడాను. 423 గ్రాములలో 600 మి.మీ.కు సమానమైన దృశ్యం దొరకడం ఈ చిన్న సెన్సర్ వల్లనే. చెట్టు మీద కూర్చున్న పక్షి ఉదయపు ఎండలో ఈక ఈకగా వస్తుంది. ఎగిరే పక్షి రాదు. చిత్రం పదునును పోల్చి చూస్తూ కుదుర్చుకునే కాంట్రాస్ట్ పద్ధతి ఫోకస్ దాని వెంట పడలేకపోతుంది. పొద్దెక్కాక నీటి మీద లేచే వేడిగాలి ఏ సెన్సర్ పదునునైనా చెడగొడుతుంది.

ఫోన్ల మాట ఎత్తక తప్పదు. ఇప్పుడు కొన్ని ఖరీదైన ఫోన్లలో 13.2×8.8 మి.మీ. సెన్సర్, ఎఫ్/1.9 ప్రాంతపు లెన్సు ఉంటున్నాయి. వైశాల్యంలో ఈ కెమెరా సెన్సర్ దానికి దాదాపు రెట్టింపు. కానీ కెమెరాకు ఎఫ్/3.5 కిట్ లెన్సు ఉంటే, ఒకే షట్టర్ వేగానికి ఫోనే ఎక్కువ వెలుతురు పోగుచేస్తుంది. పైగా ఫోన్ పలు ఫ్రేములను కలుపుతుంది. కిట్ లెన్సు దాటి మరొకటి కొనే ఉద్దేశం లేనివారు ఈ తరహా కెమెరా కొనవద్దని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ముద్రణకు వస్తే, 4608×3456 పిక్సెళ్ల ఫోటోను 12×18 అంగుళాల కాగితానికి సరిపడా కత్తిరిస్తే అంగుళానికి 256 పిక్సెళ్లు మిగులుతాయి, అది గోడకు తగిలించుకునే ఫోటోకు పుష్కలం. పెళ్లి ఆల్బముల 12×36 రెండు పుటల మీద ఒకే ఫోటో పరిస్తే 128కి పడిపోతుంది; ఐఎస్ఓ 400 ఫోటో దానిని తట్టుకుంటుంది, 3200 ఫోటో తట్టుకోదు.

ఇటీవలి నాయిస్ తొలగింపు సాఫ్ట్‌వేర్ ఈ హద్దును కదిలించింది. డీఎక్స్ఓ వారి డీప్‌ప్రైమ్ 2020లో, లైట్‌రూమ్‌లోని ఏఐ డీనాయిస్ 2023లో వచ్చాయి. పాత రా ఫైళ్లను వాటిలో వేసి చూస్తే ఐఎస్ఓ 6400 ఫైలు ఇంతకుముందటి 1600 ఫైలులా తేలుతోంది. పెళ్లి ఫోటోలన్నింటికీ దానిని వాడుతున్నాను, జెపెగ్ మాత్రమే దాచుకున్నవారికి ఈ మేలు అంతగా అందదు కనుక కార్డులో చోటున్నంతవరకు రా ఫైళ్లు కూడా ఉంచుకోవాలి. లేపాక్షి చిత్రాలకు మాత్రం వాడను. ఆ సాఫ్ట్‌వేర్ నాయిస్‌లో వివరాన్ని ఊహించి గీస్తుంది. రంగు పెచ్చు మీది పగులు ఏదో, చిత్రకారుడి కుంచె గీసిన గీత ఏదో దానికి తెలియదు, రెండింటినీ ఒకేలా నునుపు చేసిన ఫోటో నమోదుకు పనికిరాదు. వాటికి ఇప్పటికీ ఐఎస్ఓ 200, నెమ్మది షట్టర్, మోచేతులు పక్కటెముకలకు ఆనించుకోవడమే నా పద్ధతి.