శ్రావణ భాద్రపదాల్లో తీరపు పిట్టలు: కాకినాడ అఖాతమా, పులికాట్ సరస్సా?

ఆగస్టు సగం దాటేసరికి పక్షులంటే ఇష్టపడే మిత్రులు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. ఉత్తర దేశాలనుంచి తిరిగి వస్తున్న ఉల్లంకులు (సాండ్‌పైపర్లు), ప్లోవర్లు, గాడ్విట్లు వంటి తీరపు పిట్టలను చూడటానికి కాకినాడ వెళ్ళాలా, పులికాట్ సరస్సు పక్కనున్న సూళ్ళూరుపేట వెళ్ళాలా అన్నదే ఆ ప్రశ్న. రెండూ గొప్ప చోట్లే. పులికాట్ మన దేశంలో చిలికా తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. కాకినాడ అఖాతాన్ని ఆనుకొని ఉన్న కోరింగ మడ అడవులు 1978 నుంచి అభయారణ్యంగా ఉన్నాయి. అయినా ఆగస్టు, సెప్టెంబరు నెలలకు నేను కాకినాడవైపే మొగ్గుతాను. ఈ విషయంలో అన్నిటికన్నా ముందు చూడవలసింది నీటి లోతు అని నా నమ్మకం.

తీరపు పిట్టలు సాధారణంగా ఈదుతూ మేత వెతకవు. నిలబడి, బురదలో ముక్కు దించి పురుగులను, చిన్న నత్తలను, గుల్లలను ఏరుకుంటాయి. లిటిల్ స్టింట్ వంటి పొట్టికాళ్ళ పిట్టకు తడి బురద మీద పలుచటి నీటిపొర ఉంటే చాలు. గాడ్విట్ కడుపు తడిసేంత నీటిలోనూ మేస్తుంది. నీరు అంతకు మించినా, నేల పూర్తిగా ఎండి గట్టిపడినా వాటికి అక్కడ పని లేదు. అందువల్ల సరైన లోతున్న బురద ఈ రెండు నెలల్లో ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు లెక్క.

పులికాట్‌కు ప్రధానంగా నీరిచ్చేది ఈశాన్య రుతుపవనం. అది అక్టోబరులో గాని మొదలు కాదు. వేసవిలో సరస్సు ఉత్తర భాగం, అంటే మన రాష్ట్రంలోని భాగం, చాలావరకు ఎండిపోతుంది. నైరుతి వానలకు అక్కడక్కడ మడుగులు నిలిచినా, తడి అంచు ఏ వారం ఎక్కడుంటుందో ముందుగా చెప్పలేము. శ్రీహరికోట దారి మీద నిలబడితే ఎండిన నేలకు అవతల, ఎండమావుల మధ్య కదిలే చుక్కలుగా మాత్రమే పిట్టలు కనిపించే రోజులు ఈ కాలంలో తక్కువేమీ కావు. సముద్రపు పోటుపాట్లు ముఖద్వారాల దగ్గర పనిచేసినంతగా ఇక్కడిదాకా వచ్చి పనిచేయవు.

కాకినాడలో వానతో నిమిత్తం లేదు. గౌతమి పాయలైన కోరింగ, గాడేరు మోసుకొచ్చే ఒండ్రు అఖాతంలో బురద మేటలుగా పరుచుకుంటుంది. బయటి అలల తాకిడిని హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డుకుంటుంది. ఈ మేటలను సముద్రం రోజుకు రెండుసార్లు ముంచి, రెండుసార్లు తేలుస్తుంది. ఇక్కడ పంచాంగం చూడకుండా వెళ్ళడం వృథా. పాటు బాగా తీసిన వేళ పిట్టలు దూరపు అంచుల దాకా చెదిరిపోతాయి. పోటు నిండిన వేళ మేటలే మునిగిపోయి, పిట్టలు ఇసుక దిబ్బల మీద విశ్రాంతికి చేరుతాయి. పోటు నిండడానికి రెండు మూడు గంటల ముందు చేరుకొని, గట్టున ఒకచోట కదలకుండా కూర్చుంటే, పెరిగే నీరే వాటిని అడుగడుగునా మన వైపుకు తెస్తుంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా ఎత్తుకు వస్తుంది, అష్టమి ప్రాంతంలో మందగిస్తుంది. అఖాతం పట్టణానికి తూర్పున ఉంది కనుక ఉదయం ఎండ కళ్ళలో పడుతుంది, మధ్యాహ్నం తరువాత వెనక నుంచి వస్తుంది. మంచి తిథి, మంచి వెలుతురు ఒకేసారి కుదరనప్పుడు నేను వెలుతురునే ఎంచుకుంటాను, ఎందుకంటే ఈ నెలల్లో చూడవలసింది రంగులనే.

కర్లూ సాండ్‌పైపర్ సైబీరియా ధ్రువప్రాంతంలో గుడ్లు పెడుతుంది. మగవి ముందు బయలుదేరుతాయి, తరువాత ఆడవి, అందరికన్నా వెనుక ఆ ఏడాది పిల్లలు. ఆగస్టులో దిగిన పెద్ద పక్షుల రొమ్ము మీద ఇటుక ఎరుపు ఇంకా మచ్చలుగా మిగిలి ఉంటుంది; సెప్టెంబరులో చేరే పిల్లలకు వీపు ఈకలన్నిటికీ లేత అంచులు, రొమ్ము మీద పలుచటి గోధుమ రంగు. నవంబరుకు పెద్దవన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఈ తేడాలను దగ్గరగా, తీరిగ్గా చూసే వీలు పోటు ఇస్తుంది. ప్రపంచమంతటా తగ్గిపోతున్న గ్రేట్ నాట్ అనే పిట్ట కూడా ఈ తీరానికి వస్తుంది. వేల కిలోమీటర్లు ఎగిరి చిక్కిపోయి దిగిన పిట్టలివి. ఫొటో కోసం గుంపులోకి నడిచి వెళ్ళి లేపడం వాటి ఒంట్లో మిగిలిన కాస్త కొవ్వునూ లాగేసుకోవడమే. దయచేసి ఆ పని చేయవద్దు.

పులికాట్‌కు ఉన్న మేలు కూడా చెప్పాలి. పడవ అక్కరలేదు, సరస్సును చీల్చుకుంటూ పోయే దారి మీద నుంచి రెండు వైపులా చూడవచ్చు, పిల్లలతో, పెద్దవారితో వెళ్ళడం సులువు. కాకినాడలోనైతే స్పాటింగ్ స్కోప్ (దూరపు పిట్టలను దగ్గరగా చూపే దుర్భిణి) లేకపోతే సగం పిట్టలు పేరు తెలియకుండానే పోతాయి. గోదావరి వరద రోజుల్లో హోప్ ఐలాండ్‌కు పడవ ప్రయాణాన్ని నమ్ముకోకూడదు, గట్టు మీద నుంచి కనిపించే మేటలతోనే సరిపెట్టుకోవాలి. నవంబరు తరువాత, సరస్సు నిండి రాజహంసలు (ఫ్లెమింగోలు) దిగాక, ఇదే ప్రశ్న అడిగితే సూళ్ళూరుపేటకే వెళ్ళమంటాను.

కొల్లేరు ఈ నెలల్లో నాకు మూడో స్థానమే. బుడమేరు, తమ్మిలేరు నీటితో మట్టం పెరిగి పొట్టికాళ్ళ పిట్టలకు చోటుండదు. పట్టుబడి అయిపోయి నీరు తోడేసిన చేపల చెరువు దారిలో కనబడితే మాత్రం ఆగండి. హైదరాబాదు వారు అమీన్‌పూర్ చెరువు అంచున వుడ్ సాండ్‌పైపర్‌ను, కామన్ సాండ్‌పైపర్‌ను చూసి కన్ను సాధన చేసుకోవచ్చు, అంతకు మించి ఆశించవద్దు.