అల్పుహర్రా కొండపల్లెల మీదుగా సైకిల్ యాత్ర: ఒక సేవపై సమీక్ష

స్పెయిన్ దక్షిణ భాగంలో, సియెర్రా నెవాడా పర్వతాల దక్షిణపు వాలు వెంట సాగే కొండప్రాంతాన్ని అల్పుహర్రా అంటారు. అక్కడి పల్లెల మీదుగా సైకిల్ మీద తిరగాలనుకునే వారికి కొన్ని చిన్న సంస్థలు ఒక ఏర్పాటు చేసిపెడతాయి. వెంట ఎవరూ రారు. అద్దె సైకిల్ ఇస్తారు, ఫోన్‌లోకి ఎక్కించుకునే దారి పటం ఇస్తారు, ప్రతి రాత్రికి ఒక పల్లెలో గది మాట్లాడి ఉంచుతారు, మన సంచులను సాయంత్రంలోగా ఆ గదికి చేరుస్తారు. నల్లగొండ నుంచి నేనూ, పుట్టపాక నేత కుటుంబానికి చెందిన నా మిత్రుడూ అటువంటి ఒక సంస్థ ద్వారా వెళ్లి వచ్చాము. దేవరకొండ, డిండి దారిలోనూ, మన్ననూరు ఘాట్‌లోనూ సైకిల్ తొక్కే మన ప్రాంతపు వారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ సేవలో మనం డబ్బు పెట్టదగినది వారు ఎంచిన దారి. మిగిలినవన్నీ కొంచెం ఓపిక ఉంటే మనమే సమకూర్చుకోవచ్చు.

మేము వెళ్లిన దారి గ్రనాడా దగ్గర మొదలై, నారింజ, నిమ్మ తోటల లెక్రిన్ లోయ దాటి, లాంహరోన్, ఓర్హివా పట్టణాల మీదుగా పై పల్లెలకు ఎక్కి, త్రెవేలెస్, కాదియార్, ఉహీహార్, లారోలెస్ దాటి, రాగ్వా కనుమ మీదుగా పర్వతశ్రేణికి ఉత్తరాన ఉన్న గ్వాదిక్స్‌లో దిగుతుంది. గ్వాదిక్స్ నుంచి గ్రనాడాకు రైలు ఉంది కాబట్టి వచ్చిన దారినే తిరిగి తొక్కవలసిన అవసరం లేదు. ఈ కూర్పులో తెలివి కనిపించింది. గ్రనాడా నుంచి సముద్రతీరానికి పోయే లారీలు, కార్లు ఏ-44 రహదారి మీద పోతాయి. తూర్పుకు పోయే వాహనాలు లోయలోని ఏ-348 పట్టుకుంటాయి. ఇక పైనున్న ఏ-4132 మీదికి వచ్చేది ఆ పల్లెల్లో పని ఉన్నవారూ, వాటిని చూడవచ్చిన వారూ మాత్రమే. ఆదివారం మధ్యాహ్నం తప్పిస్తే, వెనుక నుంచి వాహనం వస్తున్న చప్పుడు లేకుండా చాలాసేపు తొక్కగలిగాము. సాగర్ రోడ్డు మీద హారన్ మోతల నడుమ తొక్కి అలవాటైన వారికి ఆ నిశ్శబ్దం మొదట నమ్మశక్యంగా ఉండదు.

నిశ్శబ్దానికి తోడు చట్టం కూడా అక్కడ సైకిల్ పక్షాన నిలబడుతుంది. స్పెయిన్‌లో వాహనం సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం 1.5 మీటర్ల ఎడం ఇవ్వాలి, అలా ఇవ్వడానికి అవసరమైతే, ఎదురుగా ఎవరూ రానప్పుడు, రోడ్డు మధ్యలోని గీతను దాటే వీలు కూడా డ్రైవరుకు ఉంది. మలుపు దాటే వరకు మా వెనుక ఓపికగా వచ్చి, దారి కనిపించాకే ముందుకు వెళ్లిన బస్సు డ్రైవర్లను చూసి నాకు గౌరవం కలిగింది. మనకూ కొన్ని బాధ్యతలున్నాయి: ఊరి వెలుపలి రోడ్ల మీద హెల్మెట్ తప్పనిసరి, రోడ్డుకు కుడివైపునే తొక్కాలి. ఇంకొక సంగతిని మాకు సైకిళ్లు ఇచ్చినవారు చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. మన సైకిళ్లకు సాధారణంగా ముందు బ్రేకు కుడిచేతి కింద ఉంటుంది, అక్కడ అది ఎడమచేతి కింద ఉంటుంది. దిగుడులో అలవాటుగా ఎడమ బ్రేకు గట్టిగా పట్టుకుంటే ప్రమాదం, కనుక బయలుదేరే ముందు చదును నేల మీద చేతులకు కొత్త అలవాటు చేయాలి.

ఎత్తుల విషయంలో ఈ సంస్థ కొంత దాచిందనే అనాలి. ఓర్హివా సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తులో ఉంటే, దాదాపు 15 కిలోమీటర్ల దూరంలోని పంపనేయిరా 1,050 మీటర్ల ఎత్తులో ఉంది. లెక్కకు ఇది సగటున నూరు మీటర్లకు నాలుగు మీటర్ల చొప్పున ఎక్కుడు, ఘాట్ ఎక్కినవారికి కష్టమేమీ కాదు. అయితే పంపనేయిరా దాటి బుబియోన్ మీదుగా 1,436 మీటర్ల కపిలేయిరాకు పోయే పాయ చాలా నిటారుగా ఉంటుంది, గదికి చేరడానికి పల్లె లోపలి రాళ్లు పరిచిన సందుల్లో ఎక్కవలసిన కొద్ది దూరం అంతకంటే నిటారు. వారు పంపిన కాగితంలో సగటు మాత్రమే ఉంది, ఎక్కడ ఎంత నిటారో లేదు. మన్ననూరు ఘాట్‌ను ఆగకుండా ఎక్కగలిగిన వారు ఈ దారిని తట్టుకోగలరు, కానీ అక్కడ ఒక ఎక్కుడుతో రోజు ముగుస్తుంది, ఇక్కడ ప్రతి ఉదయం మరొకటి ఎదురుచూస్తుంది. అందుకే సైకిల్ గేర్లను ముందే అడిగి తెలుసుకోవాలి. ముందు చైన్‌రింగ్‌కు, అంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి ఉన్న పళ్లకంటే, వెనుక క్యాసెట్‌లోని, అంటే వెనుక చక్రపు గేర్ల వరుసలోని పెద్ద చక్రానికి పళ్లు ఎక్కువ ఉంటేనే మోకాళ్లు నిలుస్తాయి. మాకు ఇచ్చిన సైకిళ్లకు అలా ఉన్నాయి, డిస్క్ బ్రేకులు, వెడల్పైన టైర్లు కూడా ఉన్నాయి, ఆ మేరకు వారిని మెచ్చుకోవాలి.

ఇక నీళ్ల గురించి. బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో చూసినవారు ఎక్కడికి వెళ్లినా ముందు నీటినే చూస్తారు, నేనూ అలాగే చూశాను. లాంహరోన్ ఊటనీటికి పేరుపడిన పట్టణం, అక్కడి నీరు సీసాల్లో స్పెయిన్ అంతటా అమ్ముడవుతుంది. పై పల్లెల్లో దాదాపు ప్రతిచోటా వీధిలో ఊటనీటి ధార ఉంది. తాగదగనిదని రాసి ఉంటే తప్ప అక్కడివారు దానినే పట్టుకుంటారు, మేమూ సీసాలు అక్కడే నింపుకున్నాము. పోర్తుగోస్ దగ్గర ఇనుము కలిసి, సోడాలా సహజంగానే గ్యాసు పొంగే ఊట ఒకటి ఉంది. ఆ నీరు పారిన రాళ్లన్నీ ఎర్రబారి ఉంటాయి, నాలుకకు ఇనుప రుచి తగులుతుంది.

ఈ నీటి వెనుక ఉన్న ఏర్పాటును తెలుసుకోకుండా ఈ దారిలో తొక్కడం నష్టమేనని నా అభిప్రాయం. మంచు కరిగిన నీటిని కొండ మీదనే అసేకియాలు అనే సన్నని కాలువల్లోకి మళ్లిస్తారు. అరబ్బుల పాలన నాటి నుంచి వస్తున్న ఈ కాలువల్లో కొన్ని పొలాలకు నీరు పారిస్తే, కొన్నింటి పని నీటిని ఎత్తైన చోట్ల నేలలోకి ఇంకించడమే. అలా ఇంకిన నీరు వారాలు, నెలల తరువాత దిగువ పల్లెల ఊటల్లో పైకి వస్తుంది, ఎండాకాలంలో మంచు పోయాక కూడా ధారలు ఆగకపోవడానికి అదొక కారణం. కాలువలను బాగుచేసుకునే బాధ్యత రైతుల సంఘాలదే. మేము తొక్కిన రోడ్డు పక్కనే, చెస్ట్‌నట్ చెట్ల కింద, అటువంటి కాలువ ఒకటి మాతోపాటు చాలా దూరం వచ్చింది. సంస్థ ఇచ్చిన పుస్తకంలో ఏ భోజనశాల ఎక్కడుందో రాశారు గానీ ఈ కాలువల గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు, ఇది నాకు పెద్ద లోటుగా తోచింది.

పంపనేయిరాలో ఇళ్లను చూసి ఇద్దరమూ ఆగిపోయాము. పైకప్పులన్నీ బల్లపరుపు. దూలాల మీద రాతిపలకలు పరిచి, వాటిపైన లౌనా అనే బూడిదరంగు మట్టిని పోస్తారు, తడిస్తే అది బిగుసుకుని నీటిని లోపలికి రానివ్వదు. పాలమూరు పల్లెల్లో చౌడుమట్టి పోసిన మిద్దెలను ఎరిగినవారికి అవి పరాయి ఇళ్లుగా కనిపించవు. అదే ఊరిలో చేతిమగ్గం మీద గుడ్డపీలికలతో హరాపా అనే దుప్పట్లు నేస్తారు. నా మిత్రుడు ఆ మగ్గం దగ్గర నిలబడి, ఆ పూట బయలుదేరడం ఆలస్యమవుతున్నా కదలలేదు. ఈ కొండల్లో ఒకప్పుడు మల్బరీ తోటలు, పట్టు పరిశ్రమ విస్తారంగా ఉండేవి. 1492లో గ్రనాడా రాజ్యం క్రైస్తవ రాజుల వశమైంది, 1568లో ఇక్కడి మోరిస్కోలు, అంటే క్రైస్తవంలోకి మార్చబడిన ముస్లింలు, వారి సంతతి తిరుగుబాటు చేశారు, దానిని అణచివేసి వారిని ఇక్కడి నుంచి తరలించాక ఆ పట్టు పని క్షీణించింది.

త్రెవేలెస్ 1,476 మీటర్ల ఎత్తున ఉంది. రోడ్డు నది లోయలోకి ఒక ఒడ్డు వెంట పోయి, ఊరి దగ్గర నదిని దాటి, రెండవ ఒడ్డు వెంట వెనుకకు వస్తుంది. ఉదయం తొక్కిన దారిని మధ్యాహ్నం ఎదుటి కొండ మీద చూస్తూ పోవచ్చు. మొత్తం యాత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. ఆ ఊరు చల్లగాలికి ఆరబెట్టిన పంది తొడ మాంసానికి పేరుపొందింది. పంది మాంసం తినని వారూ శాకాహారులూ ముందే జాగ్రత్తపడాలి, ఎందుకంటే కూరగాయల వంటకమని చెప్పిన దానిలో కూడా ఆ మాంసపు ముక్కలు పడవచ్చు. నూనెలో మగ్గిన బంగాళాదుంపలు, మిరపకాయలు, గుడ్డు అట్టు, టమాటా రుద్దిన రొట్టె, సలాడ్ అన్నిచోట్లా దొరుకుతాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు దుకాణాలు మూసి ఉంటాయి, రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు ముందు అడిగినా చాలాచోట్ల పెట్టరు. అరటిపళ్లు, బాదంపప్పు సంచిలో లేకుండా బయలుదేరరాదు.

కాదియార్ దాటాక దారి పటంలో తప్పు బయటపడింది. రోడ్డును విడిచి దగ్గరిదారి అంటూ అది మమ్మల్ని ఎండిన వాగులోకి దింపింది. ఇసుకలో, గులకరాళ్లలో సైకిళ్లు నెట్టుకుంటూ వెళ్లి, మళ్లీ రోడ్డు ఎక్కేసరికి ఎండ ముదిరింది. లోయల్లో ఫోన్ సంకేతం అందనందున సంస్థకు చెప్పడానికి వీలు కాలేదు. సాయంత్రం చెప్పినప్పుడు వారు మర్యాదగానే విన్నారు, కొద్ది గంటల్లో సరిచేసిన పటం పంపారు. సంచులు మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.

చివరి పెద్ద ఎక్కుడు లారోలెస్ నుంచి సుమారు 2,000 మీటర్ల రాగ్వా కనుమకు, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. దారి పొడవునా వాలు ఒకే తీరుగా ఉంటుంది, పైభాగంలో పైన్ చెట్ల నీడ దొరుకుతుంది. అవతలివైపు లా కలఓర్రా వరకు ఒకదాని వెంట ఒకటి వంపులతో దిగుడు. పదహారో శతాబ్దపు కోట ఒకటి కింద గుట్ట మీద నాలుగు గుండ్రని బురుజులతో నిలబడి, చాలా పైనుంచే కనిపిస్తుంది. శీతాకాలంలో ఈ కనుమ మీద మంచు పడుతుంది, జులై, ఆగస్టులలో కింది లోయ ఎండకు మాడుతుంది. మే నెల, లేదా సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు వరకు అనువైన కాలం, అప్పుడు కూడా పై పల్లెల్లో రాత్రిపూట చలిబట్టలు కావాలి.

స్పెయిన్ వెళ్లడానికి మనకు కావలసిన షెంగెన్ వీసాకు గదుల ఏర్పాటు కాగితాలు చూపవలసి ఉంటుంది, ఈ సేవ తీసుకుంటే అవి ఒకేచోట దొరుకుతాయి. డబ్బు కట్టే ముందు మాత్రం ఏ సంస్థనైనా మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: ప్రతి రోజుకు కిలోమీటరు వారీ ఎత్తుల పటం, సైకిల్ గేర్ల పళ్ల లెక్క, దారిలో మట్టిబాట ఎక్కడెక్కడ వస్తుందన్న వివరం. వీటికి సూటిగా జవాబివ్వని సంస్థకు డబ్బు కట్టవద్దు.